నెంబరు మారని టైర్లు: తార్నాక నుంచి ఎర్రబండ గుట్ట దాకా

హాజరు

1968 మార్చి 8, శుక్రవారం. ఆరింటికి తార్నాకలో మా ఇంటి ముందుకు రావలసిన జీపు ఆరూ నలభై అయినా రాలేదు. సంచి భుజాన వేసుకుని నేనే యూనివర్సిటీ లోపలికి నడిచాను. కోపంగా ఉన్నప్పుడు నేను వేగంగా నడుస్తాను. పదిహేడు నిమిషాల్లో జీపుల షెడ్డు చేరాను.

అక్కడ టైర్లకు హాజరు వేస్తున్నారు.

ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. హాజరు వేయడం నాకు కొత్త కాదు. కాని ఒక మనిషి పొడుగాటి రిజిస్టరు చేత్తో పట్టుకుని టైర్లను పేరుపేరునా పిలవడం అరవై రెండో ఏట మొదటిసారి చూశాను.

"ఒకటి?" అన్నాడు స్టోర్సు గుమాస్తా.

"ముందు ఎడమ. ఉన్నది సార్," అన్నాడు డ్రైవర్ యాదగిరి, చక్రం పక్కన వంగి.

"రెండు?"

"ముందు కుడి. ఉన్నది."

"మూడు?"

"ఎనక ఎడమ. ఉన్నది సార్."

ప్రతి టైరు పక్కమీదా తెల్ల నూనె రంగుతో అరచెయ్యంత అంకె వేసి ఉంది. మూడూ నాలుగూ వెనక. అయిదు స్టెప్నీ, అంటే వెనక తగిలించిన అదనపు చక్రం. మా చెల్లెలి కూతురు వసుధ జీపులో కూర్చుని నాకు కళ్ళతో సైగ చేసింది, ఏమీ అనొద్దని. వసుధ రాళ్ళ మీద పరిశోధన చేస్తున్న పిల్ల. జనగామ అవతల ఒక గుట్ట మీద నల్లరాతి కట్టు ఉంది. దాని రాళ్ళు పెద్ద పెద్ద ముక్కలుగా తీసుకురావాలి. పోయినేడు బస్సులో వెళ్ళి సంచిలో పట్టినన్ని తెస్తే, పిడికెడు రాళ్ళతో పరిశోధన ఏమిటని వెనక్కి పంపారు. ఈసారి మూడు రోజులకు జీపు ఇచ్చారు. ఆడపిల్ల కాబట్టి తోడుగా పెద్ద ఆడమనిషి ఉండాలని షరతు పెట్టారు. ఆ షరతు మీద నాకున్న కోపం వేరే. దానికి ఇంకో వ్యాసం కావాలి.

నేను టైర్లు చూశాను. ముందు రెంటికీ బొటనవేలి లావున గట్లు, వాటి మధ్య లోతైన కాలువలు. వెనక రెండూ గుండు చేయించుకున్నట్టున్నాయి. సంచిలో ఉన్న స్కేలు తీసి కొలిచాను. ముందు పదకొండు మిల్లీమీటర్లు, వెనక రెండు.

"ఏమయ్యా, గుట్ట ఎక్కే బండికి వెనక ఈ టైర్లా? ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చితే ఏం పోతుంది?"

"మార్చనీకి లేదమ్మా. ఏ నెంబర్ ఏ చక్రానికి రాసినమో ఆడిట్ల అట్లనే కనవడాలె," అన్నాడు గుమాస్తా.

"అంకె టైరు మీదే ఉంది గదా. ఎక్కడ బిగించినా కనబడుతుంది."

గుమాస్తా రిజిస్టరు మూశాడు. "మీరు అమ్మాయికి తోడుగ పోతున్నరు. టైర్లకు తోడుగ నేనున్న."

ఉప్పల్ దాటాక

జీపు గేటు దాటగానే యాదగిరి తన సంగతి చెప్పాడు. ఏడేళ్ళుగా టెంపరరీ డ్రైవరు. ఈ నెలాఖరులోపు పర్మినెంటు ఆర్డరు రావాలి. కాగితం పైకి పోయింది. ఇప్పుడు ఒక్క రిమార్కు పడితే చాలు, ఆ కాగితం వెనక్కి వస్తుంది, మళ్ళీ ఎన్నేళ్ళకో. ఇదివరకటి డ్రైవరుకు అట్లాగే అయిందట. రెండు టైర్లు అటువి ఇటు వేశాడని.

"అందుకె చెప్తున్న అమ్మా. మీరు పెద్దోళ్ళు. టైర్ల ముచ్చట తీయకుండ్రి. ఇద్దరు పిల్లలున్నరు నాకు. ఏడేండ్ల సంది ఇంటిది గీ ఒక్క కాయితం కొరకె మొక్కుతున్నది."

తీయనని చెప్పాను. మాట ఇచ్చేటప్పుడు నిలబెట్టుకోవాలనే ఉద్దేశంతోనే ఇచ్చాను.

ఈ టైర్లు రోడ్డుకూ రాళ్ళకూ రెంటికీ పనికొస్తాయని కొనుగోలు కాగితంలో ఉందట. రాసినవాడు ఆ రెండు చోట్లకీ పోయి ఉండడు. తారు రోడ్డు మీద ముప్పై మైళ్ళ వేగం దాటగానే ముందు టైర్ల గట్లు గుంయ్యిమని మోగడం మొదలుపెట్టాయి. తేనెటీగల తుట్టె తలకాయలో పెట్టుకున్నట్టుంది. నలభైలో స్టీరింగు చక్రం వణుకుతోంది, యాదగిరి మోచేతులు వణుకుతున్నాయి, మాట్లాడితే నా పళ్ళు వణుకుతున్నాయి. ఘట్‌కేసర్ దగ్గర ఆపించి ముందు టైరు మీద చెయ్యి వేస్తే రొట్టెల పెనంలా ఉంది. ప్రతి గట్టుకూ ఒక అంచు ఎత్తు, ఒక అంచు పల్లం, రంపం పళ్ళలాగా.

"ఎప్పుడు ఒక్క జాగల్నె తిరిగితె గట్లనే కొరుక్కపోతది. నాలుగైదు నెలలకోపారి తిప్పేస్తుంటె నాలుగు సమంగ అరుగుతయ్," అన్నాడు యాదగిరి.

"ఈ సంగతి వాళ్ళకు చెప్పావా?"

"చెప్పిన. నువ్వు డ్రైవర్‌వా, ఇంజినీర్‌వా అన్నరు."

చిన్నప్పుడు మా పొలంలో నాగలికి కుడిపక్క ఎలపటి ఎద్దు, ఎడమపక్క దాపటి ఎద్దు అని ఉండేవి. ఎలపటిది దాపట కడితే నడవదు. అవి అలవాటు పడ్డ జీవాలు, సరే. రబ్బరుకు ఏం అలవాటు? ఎవరో ఎద్దుల కొట్టంలో నేర్చుకున్న నీతిని రబ్బరుకు తగిలించారు. అదే మాట జీపులో గట్టిగా అన్నాను. మోతలో ఎవరికీ వినబడలేదు.

భువనగిరిలో పంక్చరు

మైళ్ళ మీటరు ప్రకారం ఇరవై అయిదు మైళ్ళకు మూడో నెంబరు టైరు పంక్చరయింది. ఆవగింజంత కంకర ముక్క. గట్లున్న టైరుకైతే ఆ ముక్క లోపలిదాకా పోయేదే కాదు.

స్టెప్నీ ఎక్కించి ముందుకు సాగవచ్చు గదా అని మీరనుకుంటారు. కుదరదు. స్టెప్నీ మీద దగ్గరి పంక్చరు దుకాణం దాకా మాత్రమే నడపాలి, అక్కడ అసలు టైరు బాగుచేయించి అసలు చోటే బిగించాలి. అందుకని మూడేళ్ళయినా స్టెప్నీ కొత్తదే. ఎండకు పక్కలు పగుళ్ళు మాత్రం వచ్చాయి. వాడకుండానే ముసలిదైపోయింది.

భువనగిరిలో పంక్చరు వేసిన ఖాజా మియాకు అరవై ఏళ్ళుంటాయి. చక్రం నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తూ జీపు చుట్టూ ఒకసారి కన్ను తిప్పాడు. నవ్వాడు.

"అరె భాయ్, ఉల్టా పెట్టినవేంది? ముంగట నోటినిండ పండ్లు, ఎనక బోడిగుండు. ఎనకాల దమ్ముండాలె గద!"

"నెంబర్ ఉన్నది మియా."

"నెంబర్ గుట్టెక్కుతదా?"

"నెంబర్‌తోనె నా నౌకరి ఎక్కుతది," అన్నాడు యాదగిరి.

ఖాజా మియా నావైపు తిరిగాడు. "అమ్మీ, నేను నిజాం జమానాల మిలిటరీ ట్రక్కులకు టైర్లేసిన. గప్పుడు గూడ గిసుంటి అకల్, గిసుంటి తెలివి ఎవ్వలకు లేకుండె."

పంక్చరుకు రూపాయి పావలా. చాయ్ పదిహేను పైసలు. తార్నాకలోనూ అంతే, కాని భువనగిరి కప్పు పెద్దది, పాలు చిక్కన. పక్క దుకాణంలో మిరపకాయ బజ్జీలు పావలాకు ఎనిమిది, లోపల వాముకు బదులు చింతపండు పూస్తారు. యాదగిరి నాలుగు తిని నాలుగు కాగితంలో పొట్లం కట్టుకున్నాడు. నేను రెండు తిని, మిగతా కోపాన్ని నెమరువేసుకుంటూ కూర్చున్నాను.

కల్లు మీద జారుడు

ఆలేరు దాటాక రోడ్డు పల్లానికి దిగేచోట కల్లు గీసే ఒక గౌడ సైకిలు పడిపోయి ఉంది. రెండు కల్లు కుండలు రోడ్డుకు అడ్డంగా పగిలాయి. నల్లటి తారు మీద తెల్లటి నురగ. యాదగిరి బ్రేకు వేశాడు. ముందు చక్రాలు ఆగాయి. వెనక రెండు బోడి టైర్లు ఆ తడి మీద ఆగలేదు. జీపు తోక పక్కకు తిరిగింది, ఇంకా తిరిగింది, చివరకు జీపు మూతి మేము వచ్చిన హైదరాబాదు వైపే పెట్టి నిలబడింది. నా కళ్ళద్దాలు వసుధ ఒడిలో పడ్డాయి. వసుధ మోకాలు ఇనుప పెట్టెకు తగిలి చీరుకుంది.

ఎవరికీ పెద్దగా ఏమీ కాలేదని రూఢి చేసుకున్నాక గౌడ నడుమున చేతులు పెట్టుకున్నాడు.

"ఏంది సారూ, నేను తాగకముందె నా కల్లు మీ జీపుకెక్కిందా?"

వసుధ నవ్వింది. యాదగిరి నవ్వలేదు. దిగి వెనక చక్రాల దగ్గర కూర్చుని వాటిని చూస్తూ ఉండిపోయాడు. ఇచ్చిన మాట గుర్తుంది కనుక నేను నోరు తెరవలేదు. అంత కష్టపడి నోరు మూసుకున్నది మళ్ళీ ఎప్పుడో గుర్తులేదు.

ఎర్రబండ తండా

జనగామ దాటి పద్నాలుగు మైళ్ళు కంకర రోడ్డు, ఆపైన బండ్ల బాట. ఇక్కడ టైర్ల గుణం తారుమారైంది. తారు మీద అంత అల్లరి చేసిన ముందు టైర్లు ఇసుక మీద, గుండు రాళ్ళ మీద నిశ్శబ్దంగా, కాలు ఎరిగి అడుగు వేసే మనిషిలా పోయాయి. రోడ్డు మీద పేచీ పెట్టని వెనకవి ఇక్కడ ప్రతి గుంటలోనూ ఊరికే తిరిగాయి.

సాయంత్రం నాలుగున్నరకు తండా చేరాం. పదిహేడు గుడిసెలు. బడి అరుగు మీద పడుకోవచ్చన్నారు. మంగ్లీ అనే ఆమె జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు తెచ్చింది. అద్దాల రవిక, మోచేతుల పైదాకా గాజులు, నా వయసే ఉంటుంది. మా తార్నాకలో కొత్తవాళ్ళు కనబడితే మొదటి ప్రశ్న ఏ ఊరు, ఏమంటారు మీరు అని. పెళ్ళికాని పిల్లయితే ఎందుకు కాలేదని. మంగ్లీ వసుధను పైనుంచి కిందికి చూసి అడిగింది: "గుట్టమీది రాయి ఏం జేసుకుంటవు బిడ్డా? వండుకుంటవా?"

"కోసి చూస్తానవ్వా. ఎప్పటిదో తెలుసుకుంటాను."

"నన్నడుగు, చెప్త. మా తాత పుట్టకముందుది."

రొట్టెలకు డబ్బిస్తే తీసుకోలేదు. సబ్బు బిళ్ళ ఇస్తే తీసుకుంది.

గుట్ట

మార్చి 9, శనివారం. ఏడుంబావుకు బయలుదేరాం. పైకి రెండు మైళ్ళు. మొదటి మైలు మోదుగ పూల మధ్య నుంచి, చూడముచ్చటగా. ఆపైన నడుము వంచినట్టు లేచిన పరుపు బండ, దానిమీద గుల్ల మొరం, అంటే కాలికింద రాలిపోయే ఎర్ర కంకర. కుడివైపు రెండు నిలువుల లోయ.

యాదగిరి దిగి నాలుగు టైర్లలో గాలి తగ్గించాడు. ఇరవై ఎనిమిది పౌన్ల నుంచి పద్దెనిమిదికి. గట్టి టైరు రాయి మీద ఎగురుతుంది, మెత్తటిది రాయిని పట్టుకుని కూర్చుంటుంది అన్నాడు. మరీ తగ్గిస్తే టైరు జారి లోపలి ట్యూబు మూతి తెగుతుందట. ఈ పద్దెనిమిది ఏ కాగితంలోనూ లేదు. ఏడేళ్ళలో ఆయన నేర్చుకున్నది.

మొదటిసారి ఇరవై గజాలు ఎక్కి జారాం. రెండోసారి ఇరవై ఆరు. మూడోసారి నేనూ వసుధా దిగి వెనక నడుస్తున్నాం. ముందు చక్రాలు బండను కరిచి లాగుతూనే ఉన్నాయి. కాని ఎత్తు ఎక్కేకొద్దీ బరువంతా వెనక చక్రాల మీద పడింది, అవి మొరాన్ని తుపాకీ గుండ్లలా విసురుతూ ఉన్నచోటే తిరిగాయి. జీపు వెనక్కి జారడం మొదలైంది. వసుధ ఒక బండరాయి దొర్లించి చక్రం కింద వేసింది. జీపు లోయ అంచుకు ఒకటిన్నర గజం దూరంలో ఆగింది. తరవాత కొలిచాను.

కట్టెలకు వచ్చిన తండా వాళ్ళు నలుగురు నిలబడి చూస్తున్నారు.

"మా మేకలను తోలుకరమ్మంటవా డ్రైవరు బాబూ?" అంది మంగ్లీ. "రాళ్ళు మూట గట్టి వాటి మీదేస్తం."

యాదగిరి ఇంజను ఆపి కిందికి దిగాడు. "కాదమ్మా. వాపస్ పోదాం."

"పద పెద్దమ్మా," అంది వసుధ. "మనుషులతో మోయించినా రెండు మూడు రోజులు పడుతుంది, మనకు ఇవాళొక్కటే ఉంది. నేను వేరే విషయం తీసుకుంటాను."

రెండేళ్ళు పని చేసింది ఆ పిల్ల ఈ గుట్ట మీద. అంత తేలికగా అనేసింది. నాకు ఒళ్ళు మండింది.

"ముందు టైర్లు వెనక్కి వెయ్యి యాదగిరీ."

"అమ్మా, మీరు మాటిచ్చిండ్రు."

"ఇచ్చాను. తప్పుతున్నాను. బాధ్యత నాదని కాగితం రాసిస్తాను. తేదీ, సమయం వేసి."

"మీ కాయితం చూయిస్తె నా పిల్లలకు బియ్యమిస్తరా?"

అప్పుడు నేనన్న మాట ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది. "ఏడేళ్ళ నుంచి నువ్వు నడుపుతున్నది జీపా, రిజిస్టరా?" అన్నాను. నలుగురి ముందు. మంగ్లీకి అర్థమైంది, నవ్వింది.

యాదగిరి మొహం నల్లబడింది. జాకీ తీశాడు. నేను రాయబోయిన కాగితం వైపు చూడనుకూడా లేదు.

ఒకే ఒక్క జాకీ, వాలు బండ, నాలుగు చక్రాలు. స్టెప్నీని మధ్యలో ఉంచి ఒక్కొక్కటే మార్చాడు. మూడేళ్ళలో ఆ స్టెప్నీకి తగిలిన పెద్ద పని అదే. చక్రానికి అయిదు నట్లు, మొత్తం ఇరవై. కొంగు పట్టి నేను కూర్చున్నాను, ఆయన విప్పినవి అందులో వేశాడు. సాయం చేద్దామని వసుధ ఎడమ చక్రం నట్లు పట్టి ఒళ్ళంతా బలం పెట్టి తిప్పితే అవి ఇంకా బిగిశాయి. ఆ జీపుకు ఎడమవైపు నట్లు ఎదురు తిరుగుతాయట. ఆ ఒక్క చోట యాదగిరి నోరు విప్పాడు: "అటు గాదు బిడ్డా, ఉల్టా." గంటా యాభై నిమిషాలు పట్టింది.

ఆ తరవాత జీపు ఎక్కిన తీరు చెప్పాలి. ఈ టైరుకు అన్యాయం చేయకూడదు. అన్నిటికన్నా కింది గేరులో, నాలుగు చక్రాలకూ లాగుడు కలిపి, మనిషి నడక కన్నా నెమ్మదిగా. గట్లు మొరంలోకి దిగి గట్టి బండను వెతుక్కున్నాయి. రాయి అంచు తగిలితే టైరు దానిచుట్టూ మెత్తగా ఒదిగి, పిల్లి పాదం లాగా పట్టి, తరవాత విడిచింది. ముందుకు పోయిన బోడివి రెండుసార్లు పక్కకు జారాయి, వెనకవి తోసుకుంటూ పోయాయి. మేము ఓడిన ఇరవై ఆరు గజాలను నలభై సెకన్లలో దాటాడు. మిగతా మైలుకు ముప్పై అయిదు నిమిషాలు.

రోడ్డుకూ రాళ్ళకూ ఒకటే టైరు అన్నది పూర్తి అబద్ధమని అనను. ఎక్కడ గాలి తగ్గించాలో, ఎప్పుడు ఏది ఎటు మార్చాలో తెలిసిన మనిషికి దాన్ని అప్పగిస్తే సగం నిజం. అప్పగించనప్పుడు అది పూర్తి అబద్ధం.

నల్లరాతి కట్టు గుట్ట శిఖరం మీద తారు పూసిన గోడలా పడి ఉంది. వసుధ దానిమీద చెయ్యి పెట్టి ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిచింది. మధ్యాహ్నం దాకా సుత్తితో కొట్టి, ఇద్దరు పట్టి ఎత్తవలసిన ముక్కలు పద్నాలుగు తీసింది. వెనక అంత బరువు పడ్డాక దిగుడు ఎక్కుడుకన్నా సుఖమైంది. తండాలో మళ్ళీ గాలి కొట్టాం. చక్రానికి తొంభై రెండు దెబ్బలు, చేతి పంపుతో. రెండు చక్రాలకు నేనే లెక్కపెట్టాను, మూడోదానికి యాదగిరి "నేనే లెక్కవెట్టుకుంట," అన్నాడు.

ఉప్పల్‌కు ఇవతల

మార్చి 10, ఆదివారం. ఎనిమిదింటికి తండా విడిచాం. ఆలేరులో భోజనం, ఒక్కొక్కరికి రూపాయి, పప్పు నీళ్ళు, గోంగూర అమృతం. తారు మీద మోత ఈసారి వెనక నుంచి వచ్చింది. స్టీరింగు వణకలేదు. కాని ముందు బోడివి గనక యాదగిరి ముప్పై దాటించలేదు, ఎదురుగా తడి కనబడితే ఇరవైకి దించాడు.

దారి పొడుగునా నేను లోపల ఉపన్యాసం తయారుచేసుకున్నాను. జీపును అట్లాగే షెడ్డుకు తీసుకుపోవాలి. గుమాస్తా హాజరు వేయాలి. ఒకటి వెనక ఉండాలి, మూడు ముందు ఉండాలి. అప్పుడు నేను ఇరవై ఆరు గజాల సంగతీ, లోయ అంచు సంగతీ, కల్లు సంగతీ చెప్పాలి. పై అధికారికి రాయాలి. రూలు మారాలి.

రెండూ నలభై అయిదుకు ఉప్పల్ ఇంకా మైలున్నర ఉందనగా యాదగిరి ఒక ఇటుకల బట్టీ పక్కన జీపు ఆపి జాకీ తీశాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఎక్కడియి అక్కడ పెడుతున్న."

"పెట్టవద్దు. ఇట్లాగే పోనీ. నేను మాట్లాడుతాను. నేను చేయించానని చెబుతాను."

"మీరు గెలుస్తరమ్మా," అన్నాడు నట్టు విప్పుతూనే. "బరాబర్ గెలుస్తరు. మీ లెక్క ముంగట గుమాస్త నిలవడడు. గెలిచి తార్నాకకు పోతరు. రేపటి సంది గాడ కూసునేది నేను."

"అయితే ఎప్పటికీ ఇట్లాగే బోడి టైర్లతో తిరుగుతావా? ఎవరైనా చస్తే?"

"చస్తె డ్రైవర్ తప్పు అంటరు. దానిక్కూడ రూలున్నది." మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "నిన్న రిజిస్టర్ నడుపుతున్నవా అన్నరు. నిజమె. ఆ రిజిస్టర్‌ల నా పేరు గూడ ఉన్నది అమ్మా. టైర్ల పేర్లకన్న కింద."

ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు జవాబు రాకపోతే నిలబెట్టాను. నేను కూర్చున్నాను, రోడ్డు పక్క ఇటుకల మీద, కొంగు పట్టి. ఆయన మొదటి నట్టు వేశాడు. వసుధ ఈసారి ఎడమ నట్లు సరైన దిక్కుకు తిప్పింది. ఎండలో రెండు గంటల అయిదు నిమిషాలు. అయిపోయాక ఆమె తన నీళ్ళ సీసాతో టైర్ల అంకెలు కడిగింది. నాకు ఇంకా కోపంగానే ఉంది. ఎవరిమీద పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు.

షెడ్డు

అయిదూ ఇరవై అయిదు. ఆదివారమైనా గుమాస్తా ఉన్నాడు, జీపు అప్పగింత కోసం. పిలిచాడు. అన్నీ ఉన్నాయి. ఒకటి ముందు ఎడమ, రెండు ముందు కుడి. మూడో టైరు పంక్చరు చీటీ యాదగిరి అందించాడు, గుమాస్తా అంటించుకున్నాడు. పుస్తకం మూయబోయి ఆగాడు. ముందు చక్రం దగ్గర వంగాడు.

"పంక్చరైంది మూడు గద. ముంగటి నట్లు మెరుస్తున్నయేంది? పానా పడ్డట్టున్నది." యాదగిరివైపు తిరిగాడు. "టైర్లు మార్చినవా?"

యాదగిరి నావైపు చూశాడు. వసుధ నేలవైపు చూస్తోంది.

గుమాస్తా నావైపు తిరిగాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మీదా ఎవరో రిజిస్టరు పట్టుకుని ఉంటారు. "మీరు చెప్పుండ్రి అమ్మా. మీరు లెక్కల టీచరు. తప్పు చెప్పరు."

"నట్లు వదులయ్యాయేమోనని నేనే బిగించమన్నాను," అన్నాను.

"టైర్లు మారలేదు?"

"మారలేదు."

రాసుకున్నాడు. సాక్షి సంతకం చేయమన్నాడు. చేశాను. నా సర్వీసు మొత్తంలో మార్కుల పుస్తకంలో ఒక్క అంకె దిద్దలేదు. పై అధికారి కూతురు అయిదు మార్కులతో తప్పినా దిద్దలేదు. ఆ సంతకం పెట్టడానికి నాకు మూడు సెకన్లు పట్టలేదు.

యాదగిరి ఆర్డరు మార్చి 29న వచ్చింది. వసుధ రాళ్ళు పద్నాలుగూ ఒప్పుకున్నారు. ఈ వ్యాసంలో యాదగిరి పేరు అసలు పేరు కాదు, విభాగం పేరు నేను రాయలేదు. గుమాస్తా గారు చదివి గుర్తుపడితే, తప్పుడు సాక్ష్యం నాది. తార్నాకలో నా ఇల్లు ఆయనకు తెలుసు.

ఏప్రిల్‌లో యాదగిరి భార్యతో, పిల్లలతో మా ఇంటికి వచ్చాడు, పాలకోవా పట్టుకుని. గుట్ట మీద అన్న మాటకు క్షమించమన్నాను. "మీరు తిట్టకుంటె ఎక్కకపోదును అమ్మా," అని నవ్వాడు. పిల్లలు వాకిట్లోకి పోయాక అడిగాను.

"ఇప్పుడు పర్మినెంటు. ఇక ధైర్యంగా చెప్పవచ్చు. టైర్లు మారుస్తావా?"

"జూన్‌ల ఇంక్రిమెంట్ ఉన్నది. అదొక్కటి కానియుండ్రి."

నిన్న జూలై రెండు, మంగళవారం. పాలకేంద్రానికి పోతూ తార్నాక చౌరస్తాలో నిలబడ్డాను. పొద్దున్నుంచీ ముసురు, రోడ్డు నల్లగా మెరుస్తోంది. జీపు నా ముందు నుంచి ఉప్పల్ వైపు పోయింది. యాదగిరి చెయ్యి ఊపాడు, లోపలి నుంచి వసుధ కూడా. వెనక చక్రాలు చూశాను. మూడు, నాలుగే ఉన్నాయి.